15,000 రూపాయలతో కారులో పాట: మేనల్లుడికి ఉత్తరం

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నీ ఉత్తరం అందింది. రాయగడలో కొన్న పాత మారుతి కారులో పాట రేకు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తోందనీ, చేతిలో 15,000 రూపాయలకు మించి లేవనీ, ఆ సొమ్ముతో డిక్కీలో 12 అంగుళాల వూఫరు (లోతైన స్వరాలు పలికే పెద్ద స్పీకరు) పెట్టించుకోమని దుకాణంవారు చెబుతున్నారనీ వ్రాశావు. ముప్పై ఏళ్లకు పైగా ఆటో ఎలక్ట్రీషియన్ పని మీద బతికినవాణ్ణి కనుక మొహమాటం లేకుండా చెబుతున్నాను: ఇప్పుడు వూఫరు జోలికి వెళ్లవద్దు. గాయకుడి గొంతు, వీణ, తబలా అన్నీ నీ ముందున్న రెండు తలుపుల్లోంచే రావాలి. అవి సరిగా లేనప్పుడు వెనుక వూఫరు పెడితే నంబరు ప్లేటు అదురుతుందే తప్ప పాటలో మాట తెలియదు. నీ డబ్బంతా ముందు తలుపులకే పెట్టు.

అట్టపెట్టె మీది వాట్ల అంకెను చూసి మోసపోకు. ఇప్పుడున్న డెక్కు (డ్యాష్‌బోర్డులో పాట పెట్టే పెట్టె) మీద 50 వాట్లు ఇంటూ నాలుగు అని వ్రాసి ఉంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు కారు బ్యాటరీ దగ్గర దొరికేది సుమారు 14.4 వోల్టులు. మామూలు స్పీకరు 4 ఓములు. 14.4ను 14.4తో గుణించి, వచ్చినదాన్ని 4కు రెట్టింపైన 8తో భాగిస్తే 26 వాట్లకు కాస్త తక్కువ వస్తుంది. లోపల వోల్టేజి పెంచే ఏర్పాటు లేని డెక్కు ఏదైనా స్వరం చెడకుండా అంతకు మించి ఇవ్వలేదు. ఆచరణలో 15 నుంచి 20 వాట్లు వస్తే అదే గొప్ప. స్పీకరు కొన్నా, డెక్కు పాటకు బలం పెంచే ఆంప్లిఫైయరు కొన్నా ఆర్.ఎం.ఎస్. అని వ్రాసిన అంకెనే చదువు; ఆగకుండా నిలిచే వాట్లు అవే. పీక్ అనీ మ్యాక్స్ అనీ వ్రాసినవి సంతలో చెప్పే మొదటి బేరం లాంటివి. స్పీకరు సెన్సిటివిటీని, అంటే ఒక్క వాటుకు ఎంత గట్టిగా పలుకుతుందో కూడా అడిగి తెలుసుకో. అది 3 డెసిబెల్స్ ఎక్కువైతే వాట్లు రెట్టింపు చేసినంత ఫలితం. 91 ఉన్న స్పీకరు 15 వాట్లతో పలికినంత గట్టిగా పలకడానికి 88 ఉన్నదానికి 30 వాట్లు కావాలి. డబ్బు తక్కువ ఉన్నవాడు చూసుకోవలసిన అంకె ఇదే.

ఇక తలుపుల సంగతి. దుకాణాల్లో ఎవరూ దీని ఊసెత్తరు, ఎందుకంటే ఇందులో వాళ్లకు మిగిలేది తక్కువ, ఒళ్లు వంచవలసింది ఎక్కువ. డోర్ ప్యాడ్ ఊడదీస్తే లోపలి రేకులో అరచేయంత రంధ్రాలు రెండో మూడో కనబడతాయి. వాటి మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం ఒకటి అతికించి ఉంటుంది. స్పీకరు కోను ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనుకనున్న గాలి పలచబడుతుంది. ఆ రంధ్రాల గుండా ఈ రెండూ కలిసిపోతే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి; అందులో మొదట పోయేది బేసే, అంటే లోతైన స్వరమే. నీ కారులో తబలా డగ్గా వినబడకపోవడానికి సగం కారణం ఇదే అయి ఉంటుంది. ఆ రంధ్రాలను పల్చటి అల్యూమినియం రేకు ముక్కలతో మూసి, పైన బ్యూటైల్ డంపింగ్ షీటు (రేకు అదురు తగ్గించే జిగురు రబ్బరు షీటు) అతికించు. బయటి రేకుకు లోపలివైపున కూడా నాలుగో వంతు మేర అతికిస్తే చాలు, తలుపంతా కప్పనక్కరలేదు. వేలితో కొట్టి చూడు. ముందు డబ్బాలా మోగిన రేకు, షీటు అతికించిన తరువాత చెక్కలా పలుకుతుంది. అతికించే ముందు స్పిరిట్‌తో తుడిచి, రోలరుతో గట్టిగా రుద్దాలి. చవకగా దొరుకుతుందని తారు షీటు మాత్రం కొనకు. మన వేసవికి అది మెత్తబడి జారుతుంది, కారంతా వాసన వేస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. అద్దం పక్కనుంచి దిగే వాన నీరు పోవడానికి తలుపు అడుగున చిన్న తూములుంటాయి. వాటిని ఎంతమాత్రం మూయకు. మన వైపు వానలు నీకు తెలియనివి కావు. ఆ తూములు మూసుకుపోతే తలుపు అడుగు తుప్పు పట్టిపోతుంది.

స్పీకర్లు కొనే ముందు రంధ్రం వెడల్పుతో పాటు లోతు కూడా కొలువు. అద్దాన్ని పూర్తిగా కిందికి దింపి, అది స్పీకరు అయస్కాంతానికి ఎంత దూరంలో ఆగుతుందో చూడు. ఈ ఒక్క పని చేయక, బిగించిన తరువాత అద్దం దిగడం లేదని నా దగ్గరకు వచ్చినవాళ్లు ఎందరో. ట్వీటరు (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకరు) విడిగా వచ్చే కాంపోనెంటు జత తీసుకుంటే మేలు, ఎందుకంటే తలుపు కింద మోకాలి దగ్గర పలికే సన్నని స్వరాలు చెవి దాకా రావు. ట్వీటరును అద్దం మూలలో పెడితే పాట డ్యాష్‌బోర్డు మీదికి లేచి వస్తుంది. వెనుక సీటు స్పీకర్ల మీద పైసా ఖర్చు పెట్టకు.

బిగించేటప్పుడు ప్లస్, మైనస్ తారుమారు కాకుండా చూడాలి. ఒక స్పీకరుకు తీగలు తిరగబడితే రెండూ మోగుతాయి కానీ బేస్ మాయమవుతుంది, గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియదు. టార్చిలైటులో వేసే ఒకటిన్నర వోల్టుల సెల్లు తీసుకుని, దాని ప్లస్‌ను స్పీకరు ప్లస్‌కూ మైనస్‌ను మైనస్‌కూ ఒక్క క్షణం తాకించు. కోను బయటికి కదిలితే గుర్తు సరైనదే. కోను లోపలికి పోతే ఎవరో తిరగేశారన్నమాట.

నీ డబ్బును నేనైతే ఇలా పంచుతాను: ముందు స్పీకర్ల జత 4,500, డంపింగ్ షీట్లు 2,000, నాలుగు ఛానళ్ల సెకండ్ హ్యాండ్ ఆంప్లిఫైయరు 5,500, తీగలు, ఫ్యూజు కలిపి 1,500. మిగిలిన 1,500 కప్లర్లకూ (కారు తీగలను కోయకుండా కలిపే ప్లగ్గులు), స్పీకరు కింద వేసే రింగులకూ, కూలికీ. ధరల్లో అటూ ఇటూ తేడా ఉంటుంది, బరంపురంలోనూ విశాఖలోనూ విచారించి కొనుక్కో. ఆంప్లిఫైయరును మోగించి, చేత్తో తాకి, అరగంట విని చూడనిదే డబ్బు ఇవ్వకు. చేతిలో అంత లేకపోతే ఈ నెల తలుపులు, స్పీకర్లు కానిచ్చి ఆంప్లిఫైయరును తరువాత చూసుకో. ఈ వరుసను మాత్రం తిరగేయవద్దు. డెక్కు వెనుక కారు తీగలను కత్తిరించనివ్వకుండా, ఆ కారుకు సరిపోయే కప్లరు అడిగి తెచ్చుకో.

తీగ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. నాలుగు ఛానళ్లకు తలా 50 వాట్లంటే 200. ఆంప్లిఫైయరు కొంత వేడి రూపంలో పోగొట్టుకుంటుంది కనుక బ్యాటరీ నుంచి 330 వాట్ల దాకా లాగవచ్చు, అంటే దాదాపు 24 ఆంపియర్లు. దీనికి 8 గేజీ అచ్చమైన రాగి తీగ, 30 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి. దుకాణంలోనే తీగను బ్లేడుతో గీకి చూడు. లోపల తెల్లగా కనబడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కు మూరెడు లోపలే ఉండాలి. అది కాపాడేది ఆంప్లిఫైయరును కాదు, తీగను.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. పని కొత్తలో నేను ఒక జీపుకు ఆంప్లిఫైయరు పెట్టి, ఫ్యూజును ఆంప్లిఫైయరు పక్కనే బిగించాను. ఇంజను గదిలోంచి తీగ లోపలికి వచ్చే రేకు రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ (అంచు తీగను కోయకుండా వేసే వలయం) వేయలేదు. కోరాపుట్ నుంచి జయపురం దిగే ఘాటీ మలుపుల్లో కుదుపులకు రేకు అంచు తీగ తొడుగును కోసేసింది. ముందు కాలిన ప్లాస్టిక్ వాసన, తరువాత డ్యాష్‌బోర్డు కింద పొగ. బండి ఆపి, పదో నంబరు పానాతో బ్యాటరీ మైనస్ ఊడదీసే లోపు తీగ మూరెడు పొడవున ఎర్రబడింది. నా అరచేతిలో ఆ మచ్చ ఇంకా ఉంది, నువ్వు చిన్నప్పుడు దాని గురించి అడిగేవాడివి. ఆ పొరపాటు నాదే.

ఎర్తు తీగను మూరన్నర లోపల, పెయింటు గీకి మెరిసే రేకు మీద బోల్టు వేసి బిగించు. కరెంటు తీగ కారుకు ఒక పక్కనుంచి వస్తే, పాట తీగలు రెండో పక్కనుంచి రావాలి. యాక్సిలరేటరు తొక్కినప్పుడు స్పీకర్లలో సన్నగా కూత పెరిగితే ముందు ఎర్తునే చూడు, తరువాతే మిగతావి.

అంతా బిగించాక ఆంప్లిఫైయరు గెయిన్‌ను వాల్యూము మీట అనుకోవద్దు; అది డెక్కు నుంచి వచ్చే స్వరం స్థాయికి ఆంప్లిఫైయరును సరిపెట్టేది. స్పీకర్లు విడదీసి, ఫిల్టరు ఆపి, డెక్కు బేస్ బూస్టు సున్నా చేసి, 100 హెర్ట్జ్ స్వరాన్ని పెన్‌డ్రైవ్‌లోంచి మూడు వంతుల వాల్యూములో పెట్టు. మల్టీమీటరు ఏసీ మీద ఉంచి గెయిన్ నెమ్మదిగా పెంచితే, 50 వాట్లకూ 4 ఓములకూ 14 వోల్టుల దగ్గర ఆగాలి. చవక మీటర్లు కరెంటు లైను 50 హెర్ట్జ్ కోసం చేసినవి కనుక ఎక్కువ హెర్ట్జ్ స్వరంతో కొలవకు. తరువాత స్పీకర్లు కలిపి, హై పాస్ ఫిల్టరును (లోతైన స్వరాలను ఆపేది) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టు. చిన్న కోనుకు మోయలేని బరువు తప్పుతుంది, గొంతు తేటపడుతుంది.

చివరగా ఒక్క పరీక్ష. ఆంప్లిఫైయరును లేపే నీలం తీగను డెక్కులో నీలం మీద తెల్ల చార ఉన్న తీగకే కలిపారో లేదో చూడు; కొందరు సులువని ఎప్పుడూ కరెంటు ఉండే పసుపు తీగకు కలిపేస్తారు, అప్పుడది రాత్రంతా మేలుకునే ఉంటుంది. ఇంజను ఆపి తాళంచెవి బయటికి తీసి, తలుపులు మూసి పావుగంట ఆగిన తరువాత బ్యాటరీ మైనస్ ఊడదీసి, ఆ తీగకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్యలో మల్టీమీటరును 10 ఆంపియర్ల మీద కలిపి చూడు. 50 మిల్లీ ఆంపియర్లకు లోపల ఉంటే నిశ్చింత. అంతకు మించి కనబడితే ఆంప్లిఫైయరు ఫ్యూజు తీసి మళ్లీ కొలిచి, రెండు అంకెలూ నాకు వ్రాసి పంపు. తప్పు ఏ తీగలో ఉందో ఇక్కడినుంచే చెబుతాను.

అమ్మకు నా మాటగా చెప్పు, దసరాకు వస్తాను.

ఇట్లు,
నీ మేనమామ