బరంపురం నుంచి ఒక్క రోజులో చిలికా పక్షులు: నలబణకా, మంగళజోడికా?

జనవరిలో ఒక్క రోజే వీలు, కారుంది, అమ్మానాన్నలు కూడా వస్తారు, నలబణకు వెళ్లాలా మంగళజోడికా అని అడిగారు. మంగళజోడికే వెళ్లండి.

నలబణ పేరు పెద్దదే. చిలికా సరస్సులో వానల్లో మునిగి, నీరు తీశాక తేలే 15 చదరపు కిలోమీటర్ల దీవి. కానీ దాని మీద దిగనివ్వరు, మోటారు పడవ దూరంగానే ఆగాలి. బాతులు నీటి మీద నల్లటి గీతలా కనబడతాయి, అంతే. దానికోసం గంటల తరబడి ఇంజిను మోత వింటూ ఎండలో కూర్చోవడం పెద్దవాళ్ల వల్ల కాదు.

మంగళజోడి చిలికా ఉత్తరపు అంచున, టాంగి దగ్గర ఉంది. దయా, భార్గవి నదుల నీరు ఆ వైపు దిగడంతో ఉప్పదనం తక్కువ, కిక్కస, జమ్ము దట్టంగా పెరుగుతాయి. నీరు మోకాలి లోతే కాబట్టి గెడ వేసే నాటు పడవలే తిరుగుతాయి. ఒకప్పుడు పక్షులను వేటాడినవాళ్లలో కొందరు ఇప్పుడు వాటికి కాపలా, మనకు గైడ్లు. ఇంజిను లేదు, తుపాకీ లేదు. అందుకే ఊదారంగు నీటికోడి పడవకు పదిపదిహేను అడుగుల్లోనే ఉండి, కిక్కస కాడను ఒక కాలి వేళ్లతో పట్టుకుని మెత్తటి మొదలు కొరుక్కుంటూ కనబడుతుంది. గాడ్విట్లనే పొడుగు ముక్కు పిట్టలు బురదలో ముక్కు మొదలంటా దించి వెతుకుతుంటాయి.

బరంపురం నుంచి టాంగి హైవే మీద సుమారు 110 కిలోమీటర్లు. తెల్లవారేసరికి పడవలో ఉండాలంటే మూడున్నరకల్లా బయల్దేరాలి, అయితే ఆ వేళకు రంభ, బాలుగావ్ మధ్య మంచు పట్టేస్తుంది. పెద్దవాళ్లతో ఆ హడావిడి ఎందుకు? ఉదయం తీరిగ్గా బయల్దేరి, దారిలో భోంచేసి, మధ్యాహ్నం మూడింటికి పడవ ఎక్కండి. సాయంత్రం వెలుగూ బాగుంటుంది. ఎండ మీ వీపు మీద పడేలా పడవ నడపమని ముందే చెప్పండి, లేకపోతే పక్షులన్నీ నల్లబొమ్మలే. సంక్రాంతి రోజుల్లో మాత్రం వద్దు, కాళీజాయి జాతర జనంతో బాలుగావ్ దగ్గర దారి కదలదు.

పడవకు నలుగురు చాలు. కూర్చునే పలకలు కిందకు ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు దళసరి దిండు తీసుకెళ్లండి. ముందు వాళ్లను ఎక్కించి మధ్యలో కూర్చోబెట్టండి. ఫొటో కోసం ఎవరు లేచి నిలబడినా పడవ ఒరుగుతుంది. రెండు మూడు గంటలు దిగే వీలుండదు, బాత్రూం పని ముందే చూసుకోండి. తెల్లచొక్కా, ఎర్రచీర వద్దు, పక్షులు బెదురుతాయి.

బైనాక్యులర్ 8×42 తీసుకోండి. 10×50 బరువు, పడవ ఊగితే బొమ్మ నిలవదు. కెమెరాకు 300 ఎం.ఎం. లెన్సు సరిపోతుంది, ఆటోఫోకస్ గడ్డి మీదకే పోతుంటుంది, ఫోకస్ పాయింటు ఒక్కటే పెట్టుకోండి. పక్షులను ఎగరగొట్టమని పడవవాణ్ణి అడగొద్దు. మార్చిలో తిరుగు ప్రయాణానికి వలస పక్షులు కొవ్వు కూడబెట్టుకోవాలి, ఊరికే లేపితే ఆ బలమే ఖర్చవుతుంది.

డాల్ఫిన్లు కూడా అదే రోజు చూద్దామనుకోకండి. అవి కనబడే సాతపడా పూరీ వైపు, దారే వేరు. ఉప్పు నేల పక్షుల మీద ఆసక్తి ఉంటే, వెళ్లేటప్పుడే హుమ్మ ఉప్పుమడుల దగ్గర అరగంట ఆగండి. ఉప్పు గట్టిపడిన మడులు వదిలేసి, పల్చగా నీరు నిలిచినవి చూడండి, ఉల్లంకి పిట్టలు అక్కడే మేస్తాయి. గట్ల మీద పనివాళ్లు నడుస్తుంటారు, మీరు రోడ్డు పక్కనుంచే చూడండి.