బుల్లెట్ క్రోమ్ రిమ్ముల మీద కొట్టిన నల్ల స్ప్రే పెయింట్ తీయడం ఎలా?

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బుల్లెట్‌కి పాత ఓనర్ రెండు రిమ్ములకీ నల్ల స్ప్రే కొట్టించాడనీ, లోపల క్రోమ్ పాడవకుండా దాన్ని తీయాలనీ అడిగారు. బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే నిమిషంలో పోతుందని ఎవరో చెప్పారట. ముందు ఆ సీసాని తీసుకెళ్లి బాత్‌రూమ్‌లోనే పెట్టేయండి. ఆరేళ్ల కిందట నాకూ ఒకాయన అదే సలహా ఇచ్చాడు, నేను విన్నాను కూడా.

మాది కాకినాడ. నేను కొన్న బుల్లెట్ 350కి కూడా రిమ్ములు నల్లగానే ఉండేవి. ముందు చక్రానికి యాసిడ్ రాశాను. బాగున్న పెయింట్ చెక్కు చెదరలేదు. గీతలు పడ్డ చోట, పెచ్చులు లేచిన చోట మాత్రం సన్నగా బుడగలు వచ్చి, కాస్త ఆకుపచ్చ నీళ్లు కారాయి. పెయింట్ కరుగుతోందని సంబరపడ్డాను. కడిగి చూస్తే అక్కడ తెల్లటి మెరుపు పోయి పసుపు ఛాయ తేలింది. స్పోకులు మసిబారిపోయాయి. నెల తిరగకుండా ఆ మచ్చల్లోంచే తుప్పు మొదలైంది. సముద్రపు గాలి ఉండనే ఉంది.

జరిగిందేమిటో తర్వాత ప్లేటింగ్ పని చేసేవాళ్లు చెబితే తెలిసింది. ఇనుప రిమ్ము మీద ముందు నికెల్ పూత, దాని పైన క్రోమ్ పూత ఉంటాయి. ఆ క్రోమ్ మందం ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు. బాత్‌రూమ్ యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడే. పాత క్రోమ్‌ని ఊడగొట్టడానికి ప్లేటింగ్ వాళ్లు వాడేది కూడా అదే. నాకు కనిపించిన పసుపు ఛాయ నికెల్‌ది.

వెనక చక్రం దక్కింది. దాన్ని ఇలా చేశాను.

మొదట కాస్త దూదికి గోళ్ల రంగు తుడిచే ద్రవం (అసిటోన్ ఉన్నది) అద్ది, కనపడని చోట అర నిమిషం ఆనించి ఉంచండి. దూది నల్లబడితే అది మామూలు డబ్బా స్ప్రే, థిన్నర్‌కి లొంగుతుంది. ఏమీ అంటకపోతే హార్డెనర్ (పెయింట్‌ని గట్టిపరిచే మందు) కలిపి కొట్టిన పెయింట్ అయి ఉండొచ్చు. దానికి పెయింట్ షాపులో దొరికే జెల్ రిమూవర్ కావాలి. అది చర్మాన్ని మంటెత్తిస్తుంది కాబట్టి డబ్బా మీద రాసింది చదివి మరీ వాడండి. నాది మామూలు స్ప్రేనే, అందుకని అర లీటరు ఎన్‌సి థిన్నర్‌తో పని అయిపోయింది.

బండిని నీడలో, గాలి ఆడే చోట పెద్ద స్టాండ్ వేసి నిలపండి. ఎండలో అయితే గుడ్డ తడి నిమిషంలో ఆరిపోతుంది. దగ్గర్లో సిగరెట్టు, పొయ్యి, దీపం ఏవీ ఉండకూడదు. థిన్నర్‌ని స్టీలు గిన్నెలో పోసుకోండి. నేను వాడిపారేసే ప్లాస్టిక్ గ్లాసులో పోస్తే అడుగు కరిగి గచ్చంతా పారింది. ముందు షాంపూ నీళ్లతో రిమ్ముని బాగా కడగాలి. ఇసుక రేణువు ఒక్కటి గుడ్డలో ఇరుక్కున్నా గీతలు పడతాయి. వెనక చక్రానికైతే చైన్ నూనె జిడ్డు కూడా కిరసనాయిలుతో తుడిచేయండి.

టైరు రబ్బరుకి థిన్నర్ మంచిది కాదు. అందుకని టైరుకీ రిమ్ముకీ మధ్య సందులో పాత శుభలేఖలు ముక్కలు చేసి వరసగా దోపాను. అట్ట మందంగా ఉంటుంది, చక్కగా నిలబడుతుంది. వినాయకుడి బొమ్మ ఉన్న ముక్కలు పక్కన పెట్టమని మా అమ్మ, సరే అన్నాను. మీ బండికి డిస్క్ బ్రేకు ఉంటే డిస్క్‌నీ ప్యాడ్లనీ పాలిథిన్ కవర్‌తో కట్టేయండి.

ఇక అసలు పనికి తొందర పనికిరాదు. పాత బనీను గుడ్డని పేలికలు చేసి, థిన్నర్‌లో తడిపి జానెడు మేర రిమ్ముకి అంటించండి. పైన పాలిథిన్ ముక్క కప్పి పది నిమిషాలు వదిలేయండి. నున్నటి క్రోమ్‌ని పెయింట్ గట్టిగా పట్టుకోదు, నానితే మెత్తబడి గుడ్డతోపాటే వస్తుంది. ఒకే వైపు ఒకసారి తుడిచి, గుడ్డ మడత మార్చండి. అదే గుడ్డతో మళ్లీ రుద్దితే నలుపంతా పులుముకుంటుంది. అక్కడక్కడా మొండికేస్తే పాత ఏటీఎం కార్డు అంచుతో గోకండి. స్పోకు మొదళ్ల దగ్గర కొబ్బరి ఈనెకి దూది చుట్టి తిప్పితే సందులన్నీ శుభ్రపడతాయి. అంట్లు తోమే స్టీలు పీచు, ఉప్పుకాగితం, చాకు దగ్గరికి రానివ్వకండి. నాకు ఒక్క చక్రానికి ఆదివారం మధ్యాహ్నం అంతా పట్టింది. తడిసిన గుడ్డల్ని ఒకచోట కుప్పపోయకుండా బయట పరిచి ఆరబెట్టి, తర్వాత పారేయండి.

అయ్యాక మళ్లీ షాంపూతో కడిగి, ఆరనిచ్చి, కారు వ్యాక్స్ పలచగా పట్టించండి. చుక్కచుక్కలుగా తుప్పు బయటపడితే బిర్యానీ పార్సిల్‌కి చుట్టే అల్యూమినియం రేకుని ఉండ చేసి, నీళ్లలో ముంచి మెల్లగా రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన, గీత పడదు.

ఒక్కటి గుర్తుంచుకోండి, ఇదంతా ఇనుప రిమ్ముకే. అయస్కాంతం అంటుకోకపోతే అది అల్లాయ్ కావచ్చు, పైనున్న పారదర్శకమైన లాకర్ పూతని థిన్నర్ తినేయొచ్చు. కారు చక్రాల క్రోమ్ క్యాపులు చాలావరకు ప్లాస్టిక్. వాటికి అసిటోన్ తగిలితే కరుగుతాయి.

ఇంకో మాట చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. మెరిసే రిమ్ముకి ఊరికే నల్లరంగు కొట్టించేవాళ్లు తక్కువ. నా వెనక రిమ్ములో వాల్వు దగ్గర బెత్తెడు మేర తుప్పు గుంటలు బయటపడ్డాయి. పెయింట్ పట్టడానికని ఉప్పుకాగితంతో గీరిన గీతలు కూడా ఉన్నాయి. వాటికి మందు లేదు. రీక్రోమ్ చేయించాలంటే స్పోకులన్నీ ఊడదీయాలి, మళ్లీ బిగించి చక్రం వంకర లేకుండా సరిచేయించాలి. ఆ ఖర్చులోకి దిగేముందు కొత్త రిమ్ము ధర కూడా కనుక్కోండి. ముందు చక్రానికి నేను కొత్తదే వేయించాను. వెనకది ఇప్పటికీ ఆ గుంటలతోనే తిరుగుతోంది.