కొట్టంలోని ఎలుకల నుంచి దూడలకు పేగు పరాన్నజీవులు సోకుతాయా?

కొన్ని సోకుతాయి, కొన్ని సోకవు. కాక్సిడియోసిస్ అనే పేగు జబ్బు కలిగించే ఐమీరియా అనే పరాన్నజీవి ఈ విషయంలో మహా పట్టింపు గలది: పశువుల పేగులో పెరిగే ఐమీరియా బోవిస్, ఐమీరియా జుర్నీ ఎలుకలో వృద్ధి చెందవు, చిట్టెలుకలోని ఐమీరియా ఫాల్సిఫార్మిస్ దూడకు హాని చేయదు. పేడతో కలుషితమైన దాణా తిన్న ఎలుక కడుపులోంచి పశువుల ఐమీరియా ఊసిస్టులు (పేడలో బయటికి వచ్చే, గట్టి పెంకున్న గుడ్లలాంటి రూపాలు) పెరగకుండానే బయటికి రావచ్చు కాబట్టి, దాని పెంటికల్లో అవి కనిపించినంత మాత్రాన ఎలుకకు ఆ జబ్బు ఉన్నట్టు కాదు.

క్రిప్టోస్పోరిడియం అనే మరో పరాన్నజీవి సంగతి వేరు. పుట్టిన మొదటి మూడు వారాల్లో దూడలకు పారుడు తెచ్చే క్రిప్టోస్పోరిడియం పార్వమ్ ఎలుకలకూ, మనుషులకూ సోకగలదు. దాని ఊసిస్టు దాదాపు 5 మైక్రాన్లే ఉంటుంది కనుక కాసింత పేడ అంటినా చాలు. అయితే ఈ ప్రజాతిలోనూ అన్నీ ఒకటి కావు. పశువుల నాలుగో పొట్టలో (ఇది పేగు కాదనుకోండి) ఉండేదాన్ని చాలాకాలం ఎలుకల్లోని క్రిప్టోస్పోరిడియం మ్యూరిస్ అనే భావించారు. సూక్ష్మదర్శినిలో రెండూ ఇంచుమించు ఒకేలా కనిపించినా, జన్యువుల్లో తేడా బయటపడటంతోనూ, పశువుల నుంచి తీసిన ఊసిస్టులు చిట్టెలుకలకు సోకకపోవడంతోనూ, 2000లో దానికి క్రిప్టోస్పోరిడియం ఆండర్సోనై అని వేరే పేరు పెట్టారు.