బ్రాటిస్లావా వెళ్తున్న మేనకోడలికి

స్లైగో,
ఐర్లాండ్,
11 జూలై 2015, శనివారం

చిన్నీ,

పొద్దున్నే తెనాలి నుంచి మీ అమ్మ ఫోన్. ఎత్తగానే "అన్నయ్యా, బ్రాటిస్లావా ఏ దేశంలో ఉంది?" అంది. నేనింకా కాఫీ కూడా తాగలేదు. స్లొవేకియా అన్నాను. "అక్కడ గొడవలేమన్నా ఉన్నాయా?" అంది. లేవన్నాను. అప్పుడు చెప్పింది, బుధవారం నువ్వు మీ యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్, అదే యూసీడీ, ఫుట్‌బాల్ జట్టు వెనకాల బయల్దేరుతున్నావని. మూడు గంటల రైలు ప్రయాణం దూరంలో ఉన్న మామయ్యకి ఈ కబురు తెనాలి చుట్టి రావాలా? ఏమే, మేం వద్దంటామనుకున్నావా?

నిజమే, అత్తయ్య వద్దనే అంది. ఆడపిల్ల ఒక్కతీ, భాష రాని ఊరు, అనింది. నేను మాత్రం ఫోన్ పెట్టేశాక కాసేపు పెరట్లో తిరిగాను. నవ్వొచ్చింది, భయమూ వేసింది. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అని పెట్టేస్తావు కాబట్టి చేత్తో రాసి, ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపుతున్నాను. అన్ని పేజీలూ చదువు. నాలుగో పేజీ రెండుసార్లు చదువు.

ముందు కాగితాల సంగతి. షెంగెన్ వీసా నీకు ఏప్రిల్‌లో పారిస్ కోసం తీసుకున్నదే ఉందన్నావట. దాని మీద ఎంట్రీలు అన్నచోట 'మల్ట్', అంటే చాలాసార్లు, అని ఉందో, ఒకటి అని ఉందో ఇప్పుడే లేచి చూడు. ఒకటి అని ఉంటే అది పారిస్‌తోనే అయిపోయింది. మల్ట్ అని ఉన్నా చివరి తేదీ చూడు, ఎన్ని రోజులు ఇచ్చారో చూడు. ఇది అందరూ చూస్తారు. ఎవరూ చూడనిది ఇంకొకటి ఉంది: ఐర్లాండ్‌కి తిరిగి రావడానికి రీ ఎంట్రీ వీసా. చేతిలో జీఎన్ఐబీ కార్డు, అదే ఇక్కడి నివాస కార్డు, ఉంది కదా, అది చాలనుకుంటారు మన పిల్లలు. చాలదు. వెళ్ళేటప్పుడు ఎవరూ ఆపరు, వచ్చేటప్పుడు వియన్నాలోనే విమానం ఎక్కనివ్వరు. పారిస్‌కి వెళ్ళేముందు డబ్లిన్‌లో బర్గ్ కీ ఇమ్మిగ్రేషన్ ఆఫీసు ముందు తెల్లవారుజామున క్యూలో నిలబడ్డానని చెప్పావు కదా, ఆ రోజు ఇచ్చింది ఒక్కసారికా, ఎన్నిసార్లైనానా? ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపు. నువ్వు చూసి "ఉంది" అంటే నేను నమ్మను, నా కళ్ళతో చూడాలి.

మాకిద్దరికీ ఇప్పుడు ఐరిష్ పాస్‌పోర్టులు. ఎక్కడా ఎవరూ ఏమీ అడగరు. అయినా విమానాశ్రయంలో లైన్లో నిలబడితే ఇప్పటికీ నా చెయ్యి దానంతటదే జేబు తడుముకుంటుంది. అత్తయ్య నవ్వుతుంది.

విమానం చవక కంపెనీదైతే, లోపలికి వెళ్ళేముందు కౌంటర్లో వీసా చూపించి బోర్డింగ్ పాస్ మీద ముద్ర వేయించుకో. యూరో అక్కడా చెల్లుతుంది. నీళ్ళు బాగా తాగు, జూలై ఎండ అక్కడ మన స్లైగోలా ఉండదు. డిసర్టేషన్ ఆగస్టులో ఇవ్వాలి, గుర్తుందా? విమానంలోనూ బస్సులోనూ చదువుకోవచ్చు, లాప్‌టాప్ తీసుకెళ్ళు. తీసుకెళ్ళి తెరవవని తెలుసు, అయినా తీసుకెళ్ళు.

మైదానం విషయంలో పొరబడకు. మనవాళ్ళతో ఆడబోయే బ్రాటిస్లావా జట్టు స్లోవాన్. వాళ్ళ పాత స్టేడియం తెహెల్నే పోలె. దాన్ని రెండేళ్ళ క్రితం పడగొట్టేశారు. పాత మ్యాపు పట్టుకుని వెళితే ఖాళీ స్థలం ముందు నిలబడతావు. ఇప్పుడు వాళ్ళు ఆడేది ఆ పక్కనే ఉన్న పసియెంకిలో. చిన్న జట్టని తీసిపారేయకు. 1969లో బాసెల్‌లో బార్సిలోనాని 3-2తో ఓడించి, యూరప్‌లో ఒక్కో దేశపు కప్పు గెలిచిన జట్లు ఆడిన కప్ విన్నర్స్ కప్ ఎత్తుకుపోయినవాళ్ళు. మన పిల్లలు మొన్నమొన్నటిదాకా పరీక్షలు రాసినవాళ్ళు.

అసలు మన జట్టు యూరప్ పోటీలకి వెళ్ళిన తీరు తలచుకుంటే నాకు కాండక్ట్ సర్టిఫికెట్ చూపించి సీటు తెచ్చుకున్న పిల్లాడు గుర్తొస్తాడు. పోయిన ఏడాది లీగ్‌లో కిందికి జారి రెండో డివిజన్‌లో పడ్డారు. కానీ బుద్ధిగా ఆడారు. ఫెయిర్ ప్లే లెక్కలో ఈసారి మూడు దేశాలకు తలో చోటు దొరికితే, ఇంగ్లండ్ నుంచి వెస్ట్ హామ్, నెదర్లాండ్స్ నుంచి గో అహెడ్ ఈగిల్స్, ఐర్లాండ్ నుంచి యూసీడీ! పేపర్లో చదివి అత్తయ్యకి చూపించాను. "ఒకళ్ళని తన్నకపోతే కూడా ప్రైజు ఇస్తారా?" అంది.

ఇస్తే ఇచ్చారు, ఒక్క మ్యాచ్ ఆడి వచ్చేస్తారనుకున్నాను. జూలై 2న మన సొంత మైదానం బెల్‌ఫీల్డ్‌లో లక్సెంబర్గ్ జట్టు డూడెలాంజ్ మీద 1-0, రయన్ స్వాన్ గోలు. మొన్న 9న అక్కడికి వెళ్ళి 2-1తో ఓడారు. రెండూ కలిపితే 2-2. బయటి మైదానంలో కొట్టిన గోలుకి విలువ ఎక్కువ కాబట్టి మనవాళ్ళు అక్కడ కొట్టిన ఆ ఒక్క గోలే వాళ్ళని బ్రాటిస్లావా దాకా తీసుకెళ్తోంది. ఆ రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన కేకలు విన్నాను. పదకొండు సెకన్లు. ఎన్నిసార్లు విన్నానో చెప్పను.

ఇప్పుడు నాలుగో పేజీ.

మీ అమ్మ మాటల మధ్యలో ఒకటి అంది: "మ్యాచ్ అవగానే రాత్రి బస్సులో వియన్నా వచ్చేస్తుందట, తెల్లారి విమానమట." అది వినగానే నాకు చెమట పట్టింది. బ్రాటిస్లావా నుంచి వియన్నా విమానాశ్రయం బస్సులో గంట. బస్సు అందదని నా భయం కాదు. అందుకోవడానికి నువ్వు ఏం చేస్తావోనని.

నేను 1983లో గుంటూరు మెడికల్ కాలేజీ నుంచి డబ్లిన్ వచ్చాను. ఒక ఆస్పత్రిలో ఆర్నెల్ల కాంట్రాక్టు మీద జూనియర్ డాక్టర్ని. ఆర్నెల్లకోసారి మళ్ళీ తీసుకుంటారో లేదోనని గుండె దడ. ఒక్కసారి పది నిమిషాలు ఆలస్యంగా వెళితే పెద్ద డాక్టరు వార్డు మధ్యలో, పేషెంట్ల ముందు తన చేతి గడియారం విప్పి నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత నేను ఎక్కడికైనా అరగంట ముందే వెళ్ళేవాణ్ణి. నిద్రలో కూడా గడియారం చూసుకునేవాణ్ణి.

నా గదిలో ఉండే ఐరిష్ కుర్రాడు యూసీడీలో చదివినవాడు. నాకు ఫుట్‌బాల్ అంటే ఏమిటో వాడే నేర్పాడు. 1984లో యూసీడీ, లీగ్ ఛాంపియన్లు షామ్‌రాక్ రోవర్స్‌ని రీప్లేలో 2-1తో ఓడించి ఐర్లాండ్ దేశపు కప్పు, ఎఫ్ఏఐ కప్ గెలిచింది. స్కాలర్‌షిప్పులు ఇచ్చి, చదువుకుంటూనే ఆడే పిల్లల్ని కూడగట్టిన మనిషి డాక్టర్ టోనీ ఓ'నీల్. మా వృత్తివాడే కదా అని నాకు అదో గర్వం, ఆయనతో నేనెప్పుడూ మాట్లాడకపోయినా. ఆ కప్పు పుణ్యాన కప్ విన్నర్స్ కప్‌కి వెళితే మొదటి రౌండ్‌లో తగిలింది ఎవరనుకున్నావు? ఇంగ్లండ్ జట్టు ఎవర్టన్. మేనేజర్ హోవర్డ్ కెండల్ తయారుచేసిన ఎవర్టన్.

సెప్టెంబర్ 19న డబ్లిన్ టోల్కా పార్క్‌లో 0-0. నేనున్నాను. ముందువాడి భుజాల మీదుగా సగం ఆటే కనిపించింది, అయినా గొంతు పోయింది. రెండో మ్యాచ్ లివర్‌పూల్‌లో, గుడిసన్ పార్క్. అక్టోబర్ 2, మంగళవారం. మనకి గాంధీ జయంతి, సెలవు. డబ్లిన్‌లో మర్నాడు పొద్దున నాకు డ్యూటీ. అప్పు చేసి పడవ టిక్కెట్ కొన్నాను. ఆట చూసి అదే రాత్రి పడవలో తిరిగి రావాలి, తెల్లారేసరికి డబ్లిన్‌లో దిగాలి.

ఎవర్టన్ వాళ్ళ గ్రేమ్ షార్ప్ ఒక గోలు కొట్టాడు. సరే, అయిపోయిందనుకున్నాం. కానీ రెండో గోలు పడలేదు. నిమిషాలు గడుస్తున్నాయి, పడలేదు. మైదానమంతా సణగడం మొదలైంది. పిల్లలు పారిపోవడం లేదు, నిలబడి ఆడుతున్నారు. నేను మాత్రం గడియారం చూస్తున్నాను. ఇంకా పది నిమిషాలు ఉందనగా, నాతో వచ్చిన మా గది కుర్రాడి చెవిలో "పడవ" అన్నాను. వాడు తల తిప్పలేదు. "పడవ ఎక్కడికీ పోదు" అన్నాడు. నా మనసులో లెక్క ఇదీ: గోలు పడితే 1-1, ఇంకో అరగంట ఎక్కువ ఆడిస్తారు, పడవ ఖాయంగా తప్పిపోతుంది. అంటే, చిన్నీ, మనవాళ్ళు గోలు కొట్టకూడదని నేను కోరుకున్నానన్నమాట. ఇది మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు.

లేచి వచ్చేశాను. గేటు దాటి ఇటుక ఇళ్ళ మధ్య వీధిలో నడుస్తుంటే వెనకనుంచి ఒక్కసారిగా పెద్ద శబ్దం వచ్చింది. గోలు పడ్డ అరుపు కాదు. అంతమంది ఒకేసారి ఊపిరి పీల్చినట్టు. ఆగాను. మళ్ళీ నడిచాను.

పడవ ఆ రాత్రి ముప్పావుగంట ఆలస్యంగా కదిలింది. చివరిదాకా ఉన్నవాళ్ళంతా నింపాదిగా వచ్చి ఎక్కారు. మావాడు నాకు దూరంగా కూర్చున్నాడు. టీ తెచ్చి ఇస్తే అప్పుడు నోరు విప్పాడు. చివర్లో మనవాళ్ళకి గోలు వెంట్రుకవాసిలో తప్పిందట. బార్‌కి తగిలిందని ఒకడు, బార్ మీదుగా రాసుకుంటూ పోయిందని ఇంకొకడు. పడవంతా అదే గొడవ. ముప్పై ఏళ్ళుగా ఎవరినడిగినా ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. అక్కడ ఉండి ఉంటే నాక్కూడా ఒక మాట ఉండేది. "పడితే ఎక్స్‌ట్రా టైమే కదా?" అన్నాను మెల్లగా. వాడు నన్ను అదోలా చూశాడు. "ఎక్స్‌ట్రా టైమేంటి? బయటి గోలు. మనమే గెలిచేవాళ్ళం." ఆ రూలు నాకు తెలియదు. ఐరిష్ సముద్రం మధ్యలో తెలిసింది.

పొద్దున అరగంట ముందే వార్డులో ఉన్నాను. పెద్ద డాక్టరు ఆ రోజు రాలేదు.

తర్వాత ఏమైందో విను. ఎవర్టన్ ఆ కప్పు గెలిచింది. దారిలో ఫోర్టునా సిట్టార్డ్‌నీ, బయెర్న్ మ్యూనిక్‌నీ కొట్టింది, ఫైనల్లో రాటర్‌డామ్‌లో రాపిడ్ వియన్నాని 3-1తో. ఆ కప్పులో మొత్తం మీద వాళ్ళ చేతిలో ఒక్క గోలు తేడాతో ఓడింది మన పిల్లలొక్కళ్ళే. తక్కినవాళ్ళందరికీ తేడా రెండు, అంతకు మించి. ఇక మన తర్వాత రెండో రౌండ్‌లో ఎవర్టన్‌కి ఎవరు తగిలారో తెలుసా? ఇంటర్ బ్రాటిస్లావా. నువ్వు గురువారం కూర్చోబోయే పసియెంకి చాలా ఏళ్ళు ఆ ఇంటర్ వాళ్ళ మైదానమే. ఆ బంతి పడి ఉంటే మన జట్టు ఆ అక్టోబర్‌లోనే ఆ ఊరు వెళ్ళేది. అప్పుడది చెకోస్లొవేకియా, నాకు వీసా ఎవరిస్తారు, అది వేరే సంగతి. డబ్బు కూడా లేదు.

మీ అమ్మ పొద్దున "బ్రాటిస్లావా" అన్నప్పుడు నాకు మొదట వినిపించింది ఆ వీధిలో వెనకనుంచి వచ్చిన శబ్దం.

అందుకని చెబుతున్నాను, ఆ తెల్లవారి విమానం మార్చెయ్. శుక్రవారం సాయంత్రానిది తీసుకో. మార్చడానికయ్యే డబ్బు, రాత్రి అక్కడ గది ఖర్చు నావి. గది మంచిది తీసుకో, స్టేడియానికి దగ్గర్లో, మంచి రివ్యూలు ఉన్నది. అడ్రసు నాకూ అమ్మకీ పంపు. మనవాళ్ళు ఎక్కడ కూర్చుంటే అక్కడే ఉండు, ఒక్కదానివే వేరే గేటు వైపు వెళ్ళకు. ఫోన్ చార్జ్ అయిపోనివ్వకు. గెలుస్తారని నేననుకోవడం లేదు, అది నీకు చెప్పకూడదు కానీ చెప్పేశాను.

అత్తయ్య గోంగూర పచ్చడి సీసా ఇస్తానంటోంది. విమానంలో చేతి సంచీలో నూనె పచ్చడిని ద్రవం అంటారు, లాక్కుంటారు. చెప్పినా వినడం లేదు. నువ్వు తిరిగొచ్చాక ఇస్తుంది.

23న స్లోవాన్ బెల్‌ఫీల్డ్‌కి వస్తుంది కదా. మేమిద్దరం స్లైగో నుంచి రైల్లో వస్తున్నాం. మూడు టిక్కెట్లు తీసి ఉంచు, అత్తయ్యకి మెట్లు తక్కువ ఉన్న వైపు. కారులో వెళ్ళి రాత్రికే వచ్చేద్దామంది ఆవిడ. వద్దన్నాను. హోటల్ తీసేశాను, తిరుగు రైలు మర్నాడు మధ్యాహ్నానిది.

ముందు ఆ రీ ఎంట్రీ పేజీ ఫొటో పంపు.

మామయ్య