స్క్రీన్ అంచు సన్నబడాలంటే గేట్ డ్రైవర్‌లో ఏ ట్రాన్సిస్టర్లను తగ్గించవచ్చు?

ప్యానెల్ గాజు మీదే నిర్మించిన గేట్ డ్రైవర్‌లో (పిక్సెల్ వరుసలను ఒక్కొక్కటిగా తెరిచే సర్క్యూట్‌లో) వరుసకు పదికి పైగా ట్రాన్సిస్టర్లు ఉంటున్నాయి గనుక, వాటిని సగానికి తగ్గిస్తే పక్క అంచు కూడా సగమవుతుందా అని మీరు అడిగారు. అనంతపురంలో టీవీ ప్యానెళ్లు బాగుచేసే పనిలో ఉంటూ, ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టులకు అప్పుడప్పుడు సాయపడే వాడిగా నా సమాధానం: కాదు. అంచును నిర్ణయించేది ట్రాన్సిస్టర్ల సంఖ్య కాదు, అవి ఆక్రమించే వైశాల్యం.

ఒక్కో వరుసకు కేటాయించిన సర్క్యూట్ ఎత్తు పిక్సెల్ ఎత్తును మించడానికి వీల్లేదు కాబట్టి, పట్టనిదంతా పక్కకు, అంటే అంచులోకి, విస్తరించవలసిందే. 5.5 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఫోనులో ఆ ఎత్తు సుమారు 63 మైక్రాన్లు, 32 అంగుళాల హెచ్‌డీ టీవీలో దాదాపు అర మిల్లీమీటరు. అందువల్ల 6,300 చదరపు మైక్రాన్లు ఆదా చేస్తే ఫోను అంచు 100 మైక్రాన్లు తగ్గుతుంది. అదే ఆదాతో టీవీలో తగ్గేది 12, 13 మైక్రాన్లే.

అన్నిటికన్నా పెద్దదైన, వరుసను తెరిచే వోల్టేజీని అందించే పుల్‌అప్ ట్రాన్సిస్టరు జోలికి మాత్రం వెళ్లకండి. ఈ ట్రాన్సిస్టర్లకు వాడే అమార్ఫస్ (స్ఫటిక రూపం లేని) సిలికాన్‌లో ఎలక్ట్రాన్ల చలనం చాలా మందకొడిగా ఉంటుంది; 1,920 వరుసలను సెకనుకు 60 సార్లు నింపాలంటే ఒక్కో వరుసకు దక్కేది 9 మైక్రోసెకన్ల లోపే. పుల్‌అప్‌ను చిన్నది చేస్తే ఆ వ్యవధిలో వరుస పూర్తిగా తెరుచుకోదు.

తగ్గించే వీలున్నది వరుసను మూసి ఉంచే పుల్‌డౌన్ భాగంలోనే, కానీ దాన్ని తీసివేయడం వేరు, పంచుకోవడం వేరు. వరుస పని ఫ్రేముకు (తెర మీద పడే ఒక్కో బొమ్మకు) ఒక్కసారే అయినా, వరుసలకు సమయం చెప్పే పల్సుల సిగ్నల్, అంటే క్లాక్, మాత్రం పుల్‌అప్ మీద పదే పదే తడుతూనే ఉంటుంది. ఆ ట్రాన్సిస్టరులోని పరాన్న కెపాసిటెన్స్ (కోరకపోయినా ఏర్పడే కెపాసిటెన్స్) ద్వారా దాని గేటు వోల్టేజీ ప్రతిసారీ కొంత పైకి లేస్తుంది. దాన్ని కిందికి పట్టి ఉంచకపోతే వరుస వేళ కాని వేళ తెరుచుకుని, వేరే వరుస డేటాను తనలోకి తీసుకుంటుంది. అలా పట్టి ఉంచే ట్రాన్సిస్టర్లు ఫ్రేములో దాదాపు అంతసేపూ ఆన్‌లోనే ఉండడం వల్ల వాటి థ్రెషోల్డ్ వోల్టేజీ (ఆన్ కావడానికి కావలసిన వోల్టేజీ) క్రమంగా జరిగిపోతుంది. అందుకే చాలా డిజైన్లలో రెండు జట్లను పెట్టి వంతులవారీగా పని చేయిస్తారు. ఆ జట్లను నడిపే ఇన్వర్టర్‌ను (సిగ్నల్‌ను తలకిందులు చేసే చిన్న సర్క్యూట్‌ను) పక్కపక్కనున్న రెండు వరుసలకు ఉమ్మడిగా ఇస్తే, ఆన్‌లో ఉండే భారం పెరగకుండానే ట్రాన్సిస్టర్లు గణనీయంగా తగ్గుతాయి. నా దృష్టిలో మీరు మొదట ప్రయత్నించవలసిన మార్పు ఇదే.

పుల్‌డౌన్ బలహీనపడితే ఏమవుతుందో మా దగ్గరికి వచ్చే పాత టీవీలలో కనిపిస్తూనే ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు 40 డిగ్రీలు దాటే మా ఊళ్లో, బ్యాక్‌లైట్ వేడి కూడా తోడై లీకేజీ (ఆఫ్‌లో ఉన్నప్పుడూ కారే కరెంటు) పెరిగినప్పుడు, ఆన్ చేయగానే బాగానే ఉన్న తెర కొంతసేపటికి అడ్డగీతలతో వణకడం మొదలుపెడుతుంది. అప్పుడు మేము కుడి, ఎడమ వైపుల సీకేవీ (గేట్ డ్రైవర్ క్లాక్) లైన్ల నుంచి వీజీఎల్‌కు (వరుసను మూసి ఉంచే తక్కువ వోల్టేజీ లైనుకు) ఉన్న రెసిస్టెన్స్‌ను మల్టీమీటరుతో పోల్చి, అది తక్కువగా ఉన్న వైపు క్లాక్‌లను తెంపేస్తాము. ప్రతి వరుసనూ రెండు వైపుల నుంచీ నడిపే ప్యానెల్ అయితే బొమ్మ చాలావరకు తిరిగి వస్తుంది. బేసి వరుసలను ఒక వైపు నుంచి, సరి వరుసలను మరో వైపు నుంచి నడిపే ప్యానెల్ అయితే ఆ వైపు వరుసలన్నీ పోతాయి. ఇక తెంపి లాభం లేదు.

ఆ రెండో పద్ధతి రిపేరుకు శత్రువే గానీ, అంచుకు మాత్రం మేలు. ఒక్కో సర్క్యూట్‌కు రెండు వరుసల ఎత్తు దొరుకుతుంది గనుక, వెడల్పు దాదాపు సగానికి దిగుతుంది. అయితే వరుస మొత్తాన్నీ ఒకే చివర నుంచి నింపాలి కాబట్టి, చిన్న తెరలకు ఇది సరిపోతుంది. 55 అంగుళాల టీవీలో అవతలి చివరకు సిగ్నల్ మందగించి చేరుతుంది.

విద్యార్థుల లెక్కల్లో తరచూ జారిపోయేవి క్లాక్ తీగలు. నాలుగు ఫేజుల క్లాక్‌ను (ఒకదాని వెనుక ఒకటి వచ్చే నాలుగు క్లాక్ సిగ్నళ్లను) ఎనిమిదికి పెంచితే ఒక్కో వరుసకు సమయం పెరుగుతుంది, కానీ అదనపు నాలుగు తీగలూ అదే అంచులో పడుకోవాలి, పైగా రెసిస్టెన్స్ తగ్గాలంటే అవి వెడల్పుగా ఉండాలి. కాబట్టి సిమ్యులేషన్‌కు ముందే లేఅవుట్ గీసి, తీగలతో కలిపి వెడల్పు కొలవండి. ఆ తర్వాత పుల్‌డౌన్ థ్రెషోల్డ్‌ను కొన్ని వోల్టులు జరిపి, వేడిలో లీకేజీకీ, చలిలో తగ్గే కరెంటుకూ విడివిడిగా నడిపి చూడండి.