బాపు దుబాయిలో ఉన్నన్నాళ్లు ఇంటికి పెద్ద నేనే

"ఇంట్లో పెద్ద కూతుర్ని. అన్నీ నేనే చూసుకోవాలి, ఎవరినీ ఏమీ అడగలేను. నా స్వభావమే ఇంతా, లేక ఇంట్లో నాకు దొరికిన స్థానం నన్ను ఇలా చేసిందా?" అని అడిగారు. నా అనుభవంలో చాలావరకు స్థానమే చేసింది. ఎలాగో చెప్తాను.

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. అప్పట్లో కరీంనగర్ జిల్లా కిందే ఉండేది. 1998లో మా బాపు దుబాయి వెళ్లాడు. వీసా కోసం మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చాడు. అప్పుడు నాకు పదకొండేళ్లు, తమ్ముడికి ఆరు, చెల్లెకు నాలుగు. బస్సు ఎక్కే ముందు నా తల మీద చెయ్యి పెట్టి, "ఇల్లు పైలం బిడ్డా, తమ్మున్ని, చెల్లెను చూస్కో" అన్నాడు. ఊరు విడిచి పోయే ఏ తండ్రైనా అనే మాటే. నేను మాత్రం దాన్ని నాకు అప్పజెప్పిన పనిగా తీసుకున్నాను.

అమ్మ బీడీలు చేసేది. తునికాకు తడిపి, కత్తెరతో ఒకే కొలతకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. 25 బీడీలు ఒక కట్ట, వెయ్యి చేస్తే 40 కట్టలు. అమ్మ పొద్దున్నుంచి ఒళ్లో చాట పెట్టుకుని ఏడెనిమిది వందలు చేసేది. మిగిలినవి బడి నుంచి వచ్చాక నావి. మా వైపు అప్పట్లో పిల్లను చూడడానికి వచ్చినవాళ్లు బీడీలు వచ్చా, పీఎఫ్ ఉందా అని కూడా అడిగేవాళ్లు. కాబట్టి నేను నేర్చుకోవడం ఎవరికీ వింతగా అనిపించలేదు. ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు తీసుకునే టేకేదారు బాగాలేవని పక్కన పడేసిన వాటికి పైసలు రావు. ఇచ్చిన ఆకు సరిపోకపోతే మన పైసలతో కొనుక్కోవాలి. అమ్మకు చదువు రాదు, అందుకని ఆ లెక్క నేనే రాసేదాన్ని. ఆ ఒక్క నోట్‌బుక్కుతో మొదలై కరెంటు బిల్లు, రేషన్, బాపు పంపిన డ్రాఫ్టు బ్యాంకులో వేయడం, మిత్తి కట్టడం అన్నీ నా చేతికి వచ్చాయి.

నెలకోసారి ఫోన్ బూత్ ఆయన "దుబాయి ఫోన్ వచ్చింది" అని కబురు పంపితే అందరం పరుగెత్తేవాళ్లం. అమ్మ ఏడ్చేది. తమ్ముడు గడియారం అడిగేవాడు, చెల్లె బొమ్మ అడిగేది. ఆఖరున ఫోన్ నా చేతికి వచ్చేది. "బాపూ, గింత కట్టిన, ఇంక గింత ఉన్నది" అని అప్పు లెక్క చెప్పేదాన్ని. "నీకేం కావాలె బిడ్డా?" అని ప్రతిసారీ అడిగేవాడు. "నాకేం వద్దు బాపూ" అనేదాన్ని. ఒక గౌను పంపితే అప్పు ఎన్ని రోజులు పెరుగుతుందో నాకు తెలుసు మరి. పదకొండేళ్ల పిల్లకు ఆ సంగతి తెలియకుండా ఉండాల్సింది. ఇవాళ్టికీ ఎవరైనా ఏం కావాలని అడిగితే ఆ మాటే నా నోట్లోంచి ముందు వస్తుంది.

పదహారేళ్లలో బాపు సెలవు మీద వచ్చింది ఆరుసార్లు, వచ్చినప్పుడల్లా రెండు నెలలు. అంతా కలిపితే ఏడాది. వచ్చిన మొదటి వారం ఇల్లంతా చుట్టాలు. తర్వాత మంచం మీద కూర్చుని, తన ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో అమ్మను అడుగుతుండేవాడు.

2008 ఎండాకాలంలో ఆయన ఇంట్లోనే ఉన్నాడు. తమ్ముడు పదో తరగతి పాసై పాలిటెక్నిక్ కాగితాలు తెచ్చుకున్నాడు. తండ్రి సంతకం పెట్టాల్సిన కాగితాన్ని వాడు బాపు ముందు నుంచే తీసుకొచ్చి, "అక్కా, సంతకం పెట్టు" అని నాకిచ్చాడు. అలవాటు. బాపు జేబులోంచి పెన్ను సగం తీసి, మళ్లీ లోపల పెట్టుకున్నాడు. నేను చూశాను. చూసి కూడా సంతకం పెట్టేశాను. ఆయన అన్నేళ్లు ఎండలో కష్టపడింది మా కోసమే. ఆ కష్టం వల్లే ఆయన స్థానం ఖాళీ అయింది, అందులో నేను కూర్చున్నాను. ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ ఆ రోజు లేచి ఆ కాగితం ఆయనకు ఇవ్వాల్సింది నేనే. ఇన్నేళ్లయినా ఆ పెన్ను నా కళ్ల ముందు కదులుతుంది.

2010లో నా పెళ్లయింది. అత్తగారింటికి కూడా ఆ నోట్‌బుక్కు నాతోనే వచ్చిందనుకోండి. కాన్పుకు హాస్పిటల్‌లో ఉండి కూడా, కరెంటు బిల్లు కట్టారా అని అమ్మకు ఫోన్ చేశాను. మా ఆయన ఒకరోజు మెల్లగా, "నన్ను కూడా నీ తమ్ముడి లెక్కనే చూస్తున్నవు. నాకూ ఒక పని చెప్పు" అన్నాడు. ఆయన కోపంగా అని ఉంటే వాదించేదాన్ని.

అంతకన్నా గట్టిగా తగిలింది చెల్లె మాట. ఇరవై ఏళ్లు వచ్చినా తనకు బ్యాంకులో డబ్బు తీసే ఫారం నింపడం రాదు. నేను కోప్పడితే, "నువ్వు ఎప్పుడన్న నన్ను చెయ్యనిచ్చినవా?" అంది. నిజమే. నేను ప్రేమ అనుకుని చేసినదంతా తనకు ఏదీ చేతకాకుండా చేసింది. ఇది పెద్ద పిల్లలకు ఎవరూ చెప్పరు, అందుకే మీకు చెప్తున్నాను. మోసేవాళ్లకే కాదు, మోయించుకునేవాళ్లకూ నష్టమే. ఆ రోజే పాస్‌బుక్కు తన చేతికిచ్చాను. మొదటి నెలలో రెండు తప్పులు చేసింది. వెళ్లి సరిచేయాలని చేతులు పీకాయి, అయినా వెళ్లలేదు. మీరూ మొదలుపెడితే ఒక్క పనితోనే మొదలుపెట్టండి. తప్పు జరుగుతుందని ముందే తెలిసిన పనైతే ఇంకా మంచిది.

బాపు 2014లో పూర్తిగా వచ్చేశాడు. మొదటి ఏడాది ఇంట్లో చాలా టెన్షన్. తమ్ముడు ఆయన మాట వినడు, నాకు ఫోన్ చేస్తాడు. ఆయనకు మనసు కష్టమవుతుంది, చెప్పడు. 2015లో పాత పెంకుటిల్లు తీసేసి స్లాబు వేశాం. బాపు దుబాయిలో ఏం పని చేస్తాడో మాకు పేరుకే తెలుసు. స్లాబు కోసం సలాకలు కట్టేటప్పుడు మేస్త్రీ పనివాళ్లు ఒకచోట దూరం దూరంగా కట్టారు. బాపు పైకెక్కి అవన్నీ విప్పించి, తానే కూర్చుని కట్టాడు. తీగ తిప్పే ఆ వేళ్ల వేగం మేమెవ్వరం ఎప్పుడూ చూడలేదు. తమ్ముడు కింద నిలబడి కాసేపు చూసి, తర్వాత పైకి వెళ్లి సలాకలు అందించడం మొదలుపెట్టాడు. సాయంత్రం దాకా "బాపూ, ఇది ఎట్ల?" అని అడుగుతూనే ఉన్నాడు. నాకు ఆ రోజు ఒక్క ఫోన్ కూడా చేయలేదు.

ఇప్పుడు అమ్మ బీడీ పెన్షన్ 2,016 రూపాయలు, కరెంటు బిల్లు, అన్నీ బాపు, చెల్లె చూసుకుంటారు. నేను మీసేవలో ఊరివాళ్ల ఫారాలు నింపుతాను. అది నాకు జీతమొచ్చే పని, ఇష్టమైన పని కూడా. ఆ నోట్‌బుక్కు పెట్టిన భిక్షే అనుకుంటాను.

పోయిన బతుకమ్మకు అమ్మగారింటికి వెళ్లాను. గుమ్మంలోనే బాపు, "ఏం కావాలె బిడ్డా?" అన్నాడు. "నాకేం..." అని మొదలుపెట్టి ఆగాను. "దుబాయిల రూముల వండుకునేటోళ్లమని చెప్పినవు కదా, ఆ పప్పు తినాలని ఉంది" అన్నాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వంటింట్లోకి పోయాడు. ఉల్లిగడ్డలు కోసివ్వడానికి లేవబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది, నేనూ కూర్చున్నాను.