వర్డ్ పత్రాన్ని టెక్స్ట్ ఫైలుగా మారిస్తే ఉప అంశాలు ఎడమ అంచుకు వచ్చేస్తున్నాయా?

నిబంధనల వంటి జాబితా పత్రంలో ఉప అంశాల ముందు కనిపించే ఎడం అక్షరం కాదు, పేరా స్టైల్‌లో దాగిన కొలత. సాదా టెక్స్ట్ ఫైలులో అక్షరాలకే చోటు కాబట్టి ఆ కొలత పోతుంది. జాబితా అంకెలు మాత్రం అక్షరాలుగా మారి మిగులుతాయి.

అందుకే రూలర్‌ను (పేజీ పైనుండే కొలబద్దను) ఎంత జరిపినా ఫలితం ఉండదు. ఖాళీని అంకెలోనే చేర్చాలి.

1. పత్రానికి నకలు తీసుకోండి.

2. జాబితాలో కర్సర్ ఉంచి, హోమ్‌లో మల్టీలెవెల్ లిస్ట్ బొత్తం నొక్కి, ‘డిఫైన్ న్యూ మల్టీలెవెల్ లిస్ట్’ తెరవండి.

3. ఎడమవైపు 2 (ఉప అంశాల స్థాయి) ఎంచుకోండి. అంకె రూపం ఉన్న పెట్టెలో, అన్నిటికంటే ముందు కర్సర్ పెట్టి స్పేస్ బార్ 4 సార్లు నొక్కండి. 3వ స్థాయికి 8 సార్లు. అక్కడ బూడిదరంగులో కనిపించే గుర్తును దయచేసి చెరపవద్దు. అది పోతే వరుస సంఖ్య ముందుకు సాగదు.

4. ‘మోర్’ నొక్కి, ‘ఫాలో నంబర్ విత్’ దగ్గర ట్యాబ్ బదులు స్పేస్ పెట్టండి. ట్యాబ్ వెడల్పు ఒక్కో ఎడిటర్‌లో ఒక్కోలా ఉంటుంది.

5. ‘సేవ్ యాజ్’లో ప్లెయిన్ టెక్స్ట్ ఎంచుకోండి. తర్వాతి కిటికీలో ‘అదర్ ఎన్‌కోడింగ్’, అందులో యూనికోడ్ యూటీఎఫ్-8. ఇక్కడ ‘విండోస్ డిఫాల్ట్’ వదిలేస్తే తెలుగు అక్షరాల చోట ప్రశ్నార్థకాలు రావచ్చు.

పేరాల మధ్య ఎడం కూడా స్టైల్ కొలతే. దాన్ని నోట్‌ప్యాడ్‌లో ఎంటర్ నొక్కి చేర్చుకోండి. వర్డ్‌లోనే ఎంటర్ కొడితే జాబితాలో కొత్త అంకెలు పుడతాయి.